రాత్రి రెండింటికి అక్క ఫోన్ చూస్తున్నాను

ఒక పాఠకురాలు రాసిన పొడవైన ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆమెకు నలభై దాటాయి. ఇరవైల్లో రెండుసార్లు మానసిక వైద్యశాలలో ఉండి వచ్చారు. ఆరేళ్ల కిందట, తనలాగే ఆ దారిలో నడిచి వచ్చిన మరో ముగ్గురితో కలిసి వారానికోసారి కూర్చుని మాట్లాడుకునే బృందం ఒకటి మొదలుపెట్టారు. అది పెరిగి సంస్థ అయింది. జీతం తీసుకునేవాళ్లు ఇప్పుడు ఏడుగురు. వాళ్లలో ఐదుగురు జబ్బును స్వయంగా అనుభవించినవాళ్లే. డైరెక్టర్‌గా ఉన్నావిడను అందరూ అక్క అంటారు. ఆవిడకు బైపోలార్, అంటే మనసు హద్దు దాటిన ఉత్సాహానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే జబ్బు, ఉంది. చాలా ఏళ్లుగా బాగానే ఉన్నారు. మా పాఠకురాలు ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో పక్కన కూర్చుని "నాకూ ఇలాగే అయింది" అని చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

రెండు వారాల కిందట బృందంలో అక్క ఒక మాట అన్నారు. మందులతో బుర్ర మొద్దుబారుతోందని, తనంతట తానే వాటిని సగానికి తగ్గించానని. బృందంలో విన్నది బయటికి పోకూడదన్నది వాళ్ల మొదటి నియమం. ఆ తర్వాత నుంచి తెల్లవారుజామున మూడింటికి మెసేజ్‌లు మొదలయ్యాయి. ఒకరోజు పద్నాలుగు వచ్చాయట. ఎవరినీ అడగకుండా ఇద్దరిని ఉద్యోగంలోకి తీసుకున్నారు, ఒక పెద్ద సదస్సుకని హాలు బుక్ చేశారు. ఒక చిన్న వయసు వాలంటీర్‌ను అందరి ముందు కేకలేస్తే ఆ అమ్మాయి ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. బోర్డులో కోశాధికారి "ఇలాంటి వాళ్ల చేతిలో పెడితే ఇంతేనని ముందే అన్నాను" అంటున్నారు. సరిగ్గా ఇప్పుడే మూడేళ్ల గ్రాంటు ఒకటి వచ్చేలా ఉంది. దానికి షరతు, డైరెక్టర్‌గా వైద్య అర్హత ఉన్న మనిషి ఉండాలి. నెలాఖరులోగా జవాబివ్వాలి.

"చెబితే నమ్మకద్రోహం, చెప్పకపోతే సంస్థ మునుగుతుంది. రాత్రి రెండింటికి లేచి అక్క వాట్సాప్‌లో లాస్ట్ సీన్ ఎంతకుందో చూస్తున్నాను. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక నర్సు రాత్రిళ్లు తలుపు అద్దంలోంచి టార్చి వేసి చూసి వెళ్లేది. ఆ వెలుతురు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు నేనే ఆ నర్సునయ్యాను. ఇంకో మాట, నాకూ రెండు వారాలుగా నిద్ర సరిగ్గా లేదు."

మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం దగ్గర మొదలుపెడతాను. మీరు దాన్ని చివర్లో, వెళ్తూ వెళ్తూ అన్నట్టు రాశారు. రెండుసార్లు ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషికి రెండు వారాలుగా నిద్ర లేదంటే అది చిన్న సంగతి కాదు. మీకు నిద్ర పోవడం దేనికి మొదలో, ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఈ వారంలోనే మీ డాక్టర్‌ను కలవండి. అక్క సంగతి తేలాక చూసుకుందాం అనుకోకండి. అది తేలడానికి వారాలు పట్టొచ్చు. ఫోన్ ఈ రాత్రి నుంచి వేరే గదిలో పెట్టండి. ఆవిడ మేలుకుని ఉన్నారని రాత్రి రెండింటికి తెలుసుకుని మీరు చేయగలిగింది ఏమీ లేదు, మీరూ మేలుకుని ఉండటం తప్ప.

ఇక టార్చి సంగతి. మీరు ఆ నర్సు కాలేదు. కానీ అలా అనిపించడానికి కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ఆ టార్చి వెలుతురులో మిమ్మల్ని బాధపెట్టింది ఒకరు మీ కోసం చూడటం కాదనుకుంటాను. మీకు తెలియకుండా, మీతో మాట్లాడకుండా చూసి, ఏదో రాసుకుని వెళ్లిపోవడం. ఇప్పుడు అక్క విషయంలో జరుగుతున్నదీ అదే. కోశాధికారి ఆవిడ వెనక మాట్లాడుతున్నారు. మీరు ఫోన్‌లో చూస్తున్నారు. సిబ్బంది గుసగుసలాడుకుంటున్నారు. ఆవిడతో ముఖాముఖి ఒక్క మాట అన్నవాళ్లు మాత్రం, మీ ఉత్తరంలో నేను వెతికినంతవరకు, ఒక్కరూ లేరు.

అందుకే మీరు నన్ను అడిగిన "చెప్పాలా వద్దా" అనే ప్రశ్నలో ఒక ముక్క తప్పిపోయిందనిపిస్తోంది. ఎవరికి చెప్పాలి? కుటుంబానికా, బోర్డుకా, డాక్టర్‌కా అని ఆలోచించారు. అక్కకే చెప్పడం మీ జాబితాలో లేదు. బృందంలో ఆవిడ అన్న మాటను ఆవిడకే, ఇద్దరే ఉన్నప్పుడు గుర్తుచేయడం ఏ నియమానికీ విరుద్ధం కాదు. ఆ మాట ఆవిడది. నిజానికి ఆవిడ దాన్ని అంతమంది ముందు అన్నారంటే, ఎవరో ఒకరు వచ్చి అడగాలని ఎదురుచూస్తూ ఉండొచ్చు కూడా.

ఎలా అడగాలన్నది కత్తి మీద సామే. జబ్బు పేరున్న ప్రతి మనిషికీ ఈ అనుభవం ఉంటుంది: కోపం వస్తే "మందు వేసుకున్నావా?" అంటారు, గట్టిగా నవ్వితే ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. మీకూ అది జరిగే ఉంటుంది. కాబట్టి మందుతో మొదలుపెట్టకండి. జబ్బు పేరు ఎత్తకండి. మీరు కళ్లారా చూసినవి మాత్రమే చెప్పండి. "అక్కా, మొన్న తెల్లవారుజామున నీ దగ్గర్నుంచి పద్నాలుగు మెసేజ్‌లు వచ్చాయి. ఆ అమ్మాయి ఏడుస్తూ వెళ్లిపోయింది. హాలు సంగతి మాలో ఎవరికీ తెలియదు. నాకు భయంగా ఉంది. నీకు ఎలా ఉంది?" ఇంతే. ఆ తర్వాత నోరు కట్టేసుకుని వినండి. పొద్దున పూట వెళ్లండి, ఆఫీసులో బల్లకు ఆవలా ఈవలా కూర్చోకండి, కాసేపు కలిసి నడవండి.

ఆవిడ చెప్పేది మీరు ఊహించుకున్న దానికి వేరుగా ఉండొచ్చు, దానికీ సిద్ధపడండి. సదస్సు నిజంగానే మంచి ఆలోచన కావచ్చు. గ్రాంటు షరతు విని, తన కుర్చీ పోతుందన్న బాధతో నిద్ర పట్టక ఉండొచ్చు. నిద్ర తగ్గడం, మాట వేగం పెరగడం, ఒకేసారి పది పనులు తలకెత్తుకోవడం మేనియాకు, అంటే బైపోలార్‌లో ఉత్సాహం హద్దు దాటే దశకు, తొలి సూచనలన్నది నిజం. అవే మనిషికి అవమానం జరిగినప్పుడు కూడా కనిపిస్తాయన్నదీ నిజమే. ఏది ఏదో తేల్చాల్సింది మీరు కాదు.

మందు విషయంలో మాత్రం మెత్తగా కాకుండా సూటిగా ఒక మాట చెప్పండి. తగ్గించుకోవాలనుకోవడం ఆవిడ హక్కు. ఎలా తగ్గించుకోవాలన్నది వేరే ప్రశ్న. ఆవిడ వాడే మందు ఏదో మీరు రాయలేదు. ఉదాహరణకు బైపోలార్‌కు వాడే లిథియం లాంటిదాన్ని ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం, మెల్లగా మానేసినప్పటికన్నా ఎక్కువని వైద్యులకు బాగా తెలుసు. "బుర్ర మొద్దుబారుతోంది" అన్నది డాక్టర్ ముందు పెట్టాల్సిన అసలైన ఫిర్యాదు. మోతాదు సరిచూడొచ్చు, రక్తంలో మందు ఎంతుందో పరీక్షించొచ్చు, వేరే మందుకు మారొచ్చు. "ఈ మాట డాక్టర్‌తో అన్నావా, నేను తోడు రానా" అని అడగండి. తోడు వస్తాననడానికీ తీసుకెళ్తాననడానికీ చాలా తేడా ఉంది. మీ ఇద్దరికీ ఆ తేడా తెలుసు.

ఆవిడ ఒప్పుకోకపోతే? అప్పుడు మీ ముందు కొన్ని దారులుంటాయి, ప్రతిదానికీ ఒక ఖరీదు ఉంటుంది.

కుటుంబానికి చెప్పొచ్చు. చికిత్స తొందరగా అందొచ్చు. కానీ ఆ కుటుంబం ఆవిడతో ఇదివరకు ఎలా నడుచుకుందో మీరు రాయలేదు. బలవంతంగా తీసుకెళ్లి చేర్పించిన చరిత్ర ఉంటే, మీ ఫోన్ కాల్ ఆవిడకు ఎలా వినిపిస్తుందో ఊహించండి. స్నేహం పోవచ్చు. అంతకన్నా నష్టం, బృందంలో ఇకపై ఎవరూ మందు తగ్గించానని నోరు విప్పరు. చెప్పక తప్పదనిపిస్తే ముందు ఆవిడకు చెప్పండి: "రేపు మీ చెల్లెలితో మాట్లాడబోతున్నాను, నీకు తెలియకుండా చేయను" అని.

బోర్డుకు చెప్పొచ్చు. అయితే పనికి సంబంధించినవి మాత్రమే. అనుమతి లేకుండా ఇద్దరిని తీసుకోవడం, హాలు ఖర్చు, వాలంటీర్‌ను కేకలేయడం. ఇవి ఏ డైరెక్టర్ చేసినా బోర్డు అడగాల్సిన విషయాలే. మందుల మాట, బృందంలో విన్న మాట అక్కడ ఒక్క అక్షరం కూడా రాకూడదు. కోశాధికారి "అసలు ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగితే "అది ఆవిడనే అడగండి" అనండి. ఆయన అన్న "ఇలాంటి వాళ్లు" అనే మాట మినిట్స్‌లోకి వెళ్లకుండా చూడండి. ఆయనతో వాదన ఇంకోరోజు పెట్టుకోవచ్చు.

ఏమీ చేయకుండా కొన్ని రోజులు చూడటం కూడా ఒక దారే, చాలామంది ఎంచుకునేదీ అదే. ఒక్కోసారి వారంలో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మాత్రం గోటితో పోయేదానికి గొడ్డలి పట్టాల్సి వస్తుంది, ఆ గొడ్డలి అప్పటికి కోశాధికారి చేతిలో ఉంటుంది.

ఒక్క సందర్భంలో ఈ లెక్కలేవీ వద్దు. ఆవిడ చనిపోవాలని ఉందన్నా, అలాంటి సూచన ఇచ్చినా, తనకో ఇతరులకో ప్రాణం మీదికి వచ్చేలా కనిపించినా, గోప్యత పక్కన పెట్టి అత్యవసర సహాయానికి ఫోన్ చేయండి. మనిషి వచ్చేదాకా ఒంటరిగా వదలకండి. మీ నియమంలో ఈ మినహాయింపు రాసి లేకపోతే రాసుకోండి, ప్రతి సమావేశం మొదట్లో చదవండి. నమ్మకం దీనివల్ల చెడదు. ఏది ఎక్కడిదాకా గుట్టుగా ఉంటుందో ముందే తెలిసిన చోట మనుషులు ఇంకా ధైర్యంగా మాట్లాడతారు.

ఇక సంస్థ గురించి. అక్క తాను నడిపే సంస్థలో, తన దగ్గర జీతం తీసుకునేవాళ్ల మధ్య కూర్చుని తన బాధ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడకు వేరే చోటు లేదు. 1965లో ఫ్రాంక్ రీస్మన్ అనే అమెరికన్ పండితుడు ఒక విషయం రాశాడు. సహాయం పొందినవాడికన్నా చేసినవాడికి ఒక్కోసారి ఎక్కువ మేలు జరుగుతుందని. మీలాంటి సంస్థలన్నీ ఆ సత్యం మీదే నిలబడ్డాయి, మీరూ దానివల్లే కోలుకున్నారు. కానీ రోజూ చేయిచ్చేవాళ్లకు తమ చేయి చాచడం కష్టమైపోతుంది. ఆరేళ్లుగా అందరికీ అక్క అయిన మనిషి, "నాకు బాగోలేదు" అని ఎవరికి చెప్పాలి? అంటే ఎవరో ఒకరు సంస్థ బయట ఉండాలి. వేరే సంస్థ నడిపే మరో అనుభవజ్ఞురాలో, కౌన్సెలరో, నెలకు రెండుసార్లు ఆవిడ గోడు వినే మనిషి. మీకూ అలాంటి మనిషి కావాలి. మీ ఉత్తరం నాకు వచ్చిందంటేనే మీకు లేరని అర్థమవుతోంది.

రెండో లోటు, డైరెక్టర్ పదిహేను రోజులు రాకపోతే ఎవరు సంతకం పెట్టాలో మీ దగ్గర రాసి లేకపోవడం. అక్కకు గుండె ఆపరేషన్ అయి ఉంటే ఏం చేసేవారు? మనసు బాగోకపోతేనే అధికారం లాక్కోవాలనిపిస్తోందంటే, మనకు తెలియకుండానే మనలోనూ ఆ పాత చూపు ఇంకా ఉందన్నమాట. నియామకాలకు, ఒక మొత్తం దాటిన ఖర్చుకు ఇద్దరి సంతకాలు ఉండాలి. తాత్కాలికంగా బాధ్యత తీసుకునేవాళ్ల పేరు ముందే అనుకుని ఉండాలి. ఏ కారణం చెప్పకుండా తీసుకునే సెలవు ఉండాలి, తిరిగి వచ్చినప్పుడు అదే కుర్చీ అదే జీతం ఉండాలి. ఇది అక్కకు మాత్రమే కాదు, మీకూ కోశాధికారికీ వర్తించాలి. అప్పుడు అది శిక్షలా ఉండదు.

దీంతో పాటు ప్రతి ఒక్కరూ బాగున్నప్పుడే తమ గురించి తాము రాసి పెట్టుకునే కాగితం ఒకటి ఉంటుంది. 1997లో అమెరికాలోని వెర్మాంట్‌లో మేరీ ఎలెన్ కోప్‌లాండ్, జబ్బు అనుభవించిన మరికొందరు కలిసి దానికొక రూపం ఇచ్చారు. నేను బాగున్నప్పుడు ఎలా ఉంటాను, దిగజారుతున్నప్పుడు ముందుగా ఏం కనిపిస్తుంది, అప్పుడు ఎవరు వచ్చి ఏమనాలి, ఎవరు రాకూడదు, సంక్షోభంలో నా తరఫున ఎవరు నిర్ణయం తీసుకోవాలి. అన్నీ తన మాటల్లోనే. అక్క అలాంటిది రాసుకుని ఉంటే మీ పని సగం తేలికయ్యేది: "అక్కా, నువ్వే రాశావు, రాత్రి మూడింటికి మెసేజ్‌లు పెడుతుంటే నాతో చెప్పమని." రాసుకోలేదంటే ఇప్పుడు, నలత మధ్యలో, రాయమని బలవంతపెట్టకండి. ఆవిడ కుదుటపడ్డాక అందరూ కలిసి కూర్చుని రాసుకోండి. మొదటి కాగితం మీది కావాలి.

జపాన్‌లో ఉరకావా అనే చిన్న ఊళ్లో బెతెల్ హౌస్ అనే చోటు ఉంది. 1984లో మొదలైంది. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులున్నవాళ్లు అక్కడ కలిసి బతుకుతూ సముద్రపు నాచు అమ్మి వ్యాపారం చేస్తారు. తమ ఇబ్బందులను దాచుకోకుండా నలుగురి ముందు పెట్టి, దాని గురించి తామే పరిశోధకుల్లా చర్చించుకుంటారు. నాకు అందులో నచ్చేది, తిరగబెట్టడాన్ని వాళ్లు పరువు నష్టంగా చూడరు. మళ్లీ మళ్లీ వచ్చేదే కాబట్టి, వచ్చినప్పుడు పని ఎలా జరగాలో ముందే చూసుకుంటారు. మీ సంస్థలో అక్క నలత బయటపడితే "అనుభవం ఉన్నవాళ్లు నడపలేరు" అని రుజువైపోతుందన్న భయం మీ ఉత్తరమంతా ఉంది. ఆ భయమే మిమ్మల్ని రెండు వారాలు నోరు మెదపనివ్వలేదు.

గ్రాంటు గురించి. దీన్ని, అక్క సంగతిని ఒకే తాడుకు కట్టకండి. ఆవిడ బాగోలేని వారంలో ఆవిడ కుర్చీ వేరొకరికి ఇవ్వడానికి సంతకం పెడితే, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, ఆవిడ దాన్ని వెన్నుపోటుగానే గుర్తుపెట్టుకుంటారు. కొత్తగా బృందంలోకి వచ్చేవాళ్లూ ఆ కథే వింటారు. ముందు ఒక నెల గడువు అడగండి. గ్రాంటులిచ్చేవాళ్లు గడువు పెంచడం కొత్తేమీ కాదు.

షరతు గురించైతే ఈ గొడవ మీతో మొదలవలేదు. 1940ల్లో న్యూయార్క్ దగ్గర రాక్‌లాండ్ స్టేట్ ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన కొందరు రోగులు "మేము ఒంటరివాళ్లం కాదు" అని పేరు పెట్టుకుని కలుసుకునేవారు. అందులోంచి 1948లో ఫౌంటెన్ హౌస్ అనే కేంద్రం పుట్టింది. 1955లో దానికి డైరెక్టర్‌గా వచ్చిన జాన్ బేర్డ్ వృత్తిరీత్యా సోషల్ వర్కర్. ఆయన హయాంలోనే సభ్యులు (అంటే జబ్బు అనుభవించినవాళ్లు), సిబ్బంది పక్కపక్కన పనిచేసే పద్ధతి స్థిరపడి, ఈరోజు ముప్పైకి పైగా దేశాల్లో ఆ తరహా క్లబ్‌హౌస్‌లు ఉన్నాయి. మరోవైపు, ఆసుపత్రి అనుభవంలోంచి వచ్చిన ఉద్యమకారిణి జూడీ చాంబర్లిన్ 1970ల్లోనే వృత్తి నిపుణులతో భాగస్వామ్యమంటే చివరికి పెత్తనం వాళ్ల చేతికే పోతుందని గట్టిగా వాదించింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఒప్పుకుంటే సంస్థ బతుకుతుంది, కానీ మారుతుంది. కాదంటే మీరు మీలాగే ఉంటారు, కానీ ఏడుగురిలో కొందరికి జీతం ఉండదు, వాళ్లకు ఆ మాట చెప్పాల్సింది మీరే.

మధ్యలో బేరం ఆడే చోటు ఉంది. వైద్య అర్హత ఉన్న మనిషి చికిత్స వైపు బాధ్యుడిగా వస్తాడు, డైరెక్టర్‌గా అనుభవం ఉన్న మనిషే ఉంటారు అని ప్రతిపాదించండి. లేదా ఇద్దరు డైరెక్టర్లు. అదీ కాదంటే, బోర్డులో సగానికి మించి స్వయంగా అనుభవించినవాళ్లే ఉండాలని, డైరెక్టర్ నియామకం వాళ్ల ఓటుతోనే జరగాలని సంస్థ నిబంధనల్లోకి ఎక్కించి, అప్పుడు షరతుకు ఒప్పుకోండి. నా మొగ్గు మొదటిదానివైపు. గ్రాంటు ఇచ్చేవాళ్లకు నిజంగా కావలసింది జవాబుదారీతనమైతే అది సరిపోతుంది. సరిపోదంటే, వాళ్ల అభ్యంతరం అర్హత గురించి కాదని మీకు తెలిసిపోతుంది.

ఏడ్చి వెళ్లిపోయిన ఆ వాలంటీర్ దగ్గరికి ఇప్పటిదాకా ఎవరైనా వెళ్లారా? మీ ఉత్తరంలో ఆ అమ్మాయి ఒక్క వాక్యం. తనూ ఎక్కడో దెబ్బతిని మీ దగ్గరికి వచ్చిన పిల్లే అయ్యుంటుంది. అక్క తరఫున సంజాయిషీ చెప్పక్కర్లేదు. "నీతో అలా మాట్లాడి ఉండకూడదు" అని సంస్థ తరఫున ఒకరు చెప్పాలి. అది మీరే కానక్కర్లేదు. అక్క కాక, మొదటి నుంచి ఆరేళ్లుగా మీతో ఉన్న మిగతా ఇద్దరిలో ఒకరిని పంపండి. అసలు ఈ ఉత్తరంలో రాసినవన్నీ ముందు ఆ ఇద్దరితో పంచుకోండి. బృందంలో వాళ్లూ ఉన్నారు, వాళ్లూ విన్నారు. ఈ భారం మీ ఒక్కరిదే అని ఎవరన్నారు?

అక్క దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు కోప్పడొచ్చు. "నువ్వూ వాళ్లలాగే తయారయ్యావా" అనొచ్చు. ఆ మాట గుచ్చుకుంటుంది. జవాబు చెప్పకుండా వచ్చేయండి, రెండు రోజులు ఆగి మళ్లీ వెళ్లండి. మీరు ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఆవిడ మీ దగ్గరికి ఎన్నిసార్లు రావాల్సి వచ్చిందో గుర్తుండే ఉంటుంది.

ఏం జరిగిందో వీలైనప్పుడు రాయండి. ముందు మీకు నిద్ర ఎలా పడుతోందో రాయండి.